బయట గడియ

ఆ ఇంట్లో ఏ తలుపుకీ బయట గడియ లేదు. ఒకప్పుడు అది పెద్దాసుపత్రి వాళ్ళ మానసిక రోగుల వార్డు కాబట్టి ప్రతి గదికీ ఉండేవి. పెద్దాసుపత్రి కొత్త ప్రహరీ లోపలికి మారిపోయాక ఈ పాత భవనం డాక్టరమ్మ చేతికొచ్చింది. వచ్చిన రోజే ఆమె స్క్రూడ్రైవర్ పట్టుకుని, స్టూలెక్కి, గడియలన్నీ తనే ఊడదీసింది. చెక్కల మీద చిల్లులు మిగిలిపోయాయి. వాటిని పూడ్చి రంగేస్తానని వడ్రంగి అంటే వద్దంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఆ చిల్లులు చూపించి, "మా మొదటి వైద్యం ఇదే," అని చెప్పడం ఆమెకి ఇష్టం. నన్నడిగితే కాస్త ఎక్కువే ఇష్టం.

ఆమె సిద్ధాంతం చెప్పడానికి చిన్నదే. మనసు చెడటం ఒక మనిషి పుర్రె లోపల మాత్రమే జరిగే పని కాదు, మనిషికీ మనిషికీ మధ్య జరిగేది. కాబట్టి వైద్యం కూడా ఆ మధ్యలోనే జరగాలి. మాత్రలు వద్దనలేదు, అవి వాటి వేళకి ఉంటాయి. కానీ అసలు మందు మాత్రం ఇల్లే. ఇంటి దగ్గర తండ్రికి వణికినవాడు ఇక్కడ వంటింటి పెత్తనం చేసే మనిషికి వణుకుతాడు. అత్త మీద పళ్ళు నూరిన ఆవిడ ఇక్కడ నర్సు మీద నూరుతుంది. పాత నాటకమే, వేషగాళ్ళు మారారంతే. ఆ నాటకాన్ని నలుగురి ముందూ ఆడనిచ్చి, "ఇప్పుడు మీరు తిడుతున్నది నన్ను కాదేమో చూసుకోండి," అని మెల్లిగా అనగలిగితే సగం భారం దిగుతుందని ఆమె నమ్మకం. వినడానికి గొప్పగా ఉంటుంది. చాలాసార్లు నిజం కూడా అయింది, అది ఒప్పుకోవాలి.

అందుకని అక్కడ తెల్లకోట్లు లేవు. ఉండేవాళ్ళని రోగులనరు, ఇంటివాళ్ళంటారు. డాక్టరమ్మ కూడా తన వంతు వచ్చినప్పుడు బంగాళదుంపలు చెక్కు తీస్తుంది, బాత్రూములు కడుగుతుంది. రోజూ పొద్దున్నే హాల్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేసుకుని మీటింగు పెడతారు. దాన్ని నడిపేది డాక్టర్లు కాదు, వంతులవారీగా ఇంటివాళ్ళే.

ఆ మీటింగు అవగానే రెండో మీటింగు. అందులో డాక్టర్లూ నర్సులూ మాత్రం లోపల చిన్న వలయంగా కూర్చుని, ఇందాక జరిగినదానికి తమకేమనిపించిందో చెప్పుకోవాలి. కోపమొస్తే వచ్చిందని, విసుగొస్తే వచ్చిందని. చుట్టూ బయటి వలయంలో ఇంటివాళ్ళు కూర్చుని వింటారు, మాట్లాడరు. ఇదేం విడ్డూరమని మొదట్లో నర్సు మొత్తుకుంది. "వాళ్ళ మనసుని మనం రోజంతా తవ్వుతాం. మన మనసు కాసేపు వాళ్ళ ముందు తెరిస్తే పోయేదేముంది?" అంది డాక్టరమ్మ. దూరదూరాల నుంచి వచ్చి ఈ రెండో మీటింగు చూసి, మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు.

కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి నెల అతిథులు. నెల చివర మీటింగులో ఇల్లంతా కలిసి వాళ్ళని ఒకటే ప్రశ్న అడుగుతుంది. ఇక్కడికి రాకముందు మీరు ఎవరి దగ్గర ఉన్నారు, అక్కడేం జరిగింది? ఈ ప్రశ్న పెట్టింది డాక్టరమ్మే. జబ్బు మనుషుల మధ్య ఉన్నప్పుడు ఆ మనుషులెవరో ముందు తెలియాలి కదా. మీటింగు నడిపేవాళ్ళు, "మొదట్నించీ చెప్పండి, తొందరేం లేదు," అంటారు. అతిథి ఏడుస్తూ చెప్పినా, తిడుతూ చెప్పినా, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పెట్టి చెప్పినా ఫరవాలేదు. నోరు మాత్రం విప్పాలి. ఆ తర్వాత అందరూ చేతులెత్తి, ఉంచుకోవాలో వద్దో తేలుస్తారు. వద్దనుకుంటే ఇక పెద్దాసుపత్రే. అక్కడ గేటు లోపల ఇంకో గేటు.

ఈసారి వచ్చిన అతిథికి ఇల్లు పెట్టిన పేరు లిఫ్టు. ఎత్తైన భవనాల్లో లిఫ్టులు బాగుచేసేవాడు. ఒకరోజు లిఫ్టు కింది గుంతలోంచి ఎవరో పిలుస్తున్నారని దిగి, ఇక పైకి రానని కూర్చున్నాడు. అప్పట్నించీ ఆ పిలుపులు ఆగుతూ మొదలవుతూ ఉన్నాయి. మనిషి మాత్రం మెత్తన. నోట్లో నాలుక లేనట్టుంటాడు. చెప్పిన పని చేస్తాడు, చెప్పని పని కూడా చేస్తాడు.

లిఫ్టు డాక్టరమ్మకి సొంత తమ్ముడు. ఈ సంగతి ఆ ఇంట్లో వాళ్ళిద్దరికే తెలుసు.

తనకో తమ్ముడున్నాడని ఆమె ఎవరికీ చెప్పలేదు. మనసు వైద్యం నేర్చుకునేవాళ్ళు ముందు తమ మనసు ఇంకొకరి ముందు విప్పాలి, అది ఆ చదువులో భాగం. ఆమె కూడా ఏళ్ళ తరబడి గురువుగారి గదిలో సోఫా మీద పడుకుని, తల్లి గురించి, తండ్రి గురించి, చివరికి తను దొంగిలించిన రిబ్బన్ల గురించి కూడా చెప్పుకుంది. తమ్ముణ్ణి మాత్రం పెదనాన్నగారబ్బాయి అని చెప్పింది. "ఆ అబ్బాయి మాటొస్తే మీ గొంతు సన్నబడుతోంది," అన్నాడు గురువుగారు ఒకసారి. ఆమె వెంటనే రాత్రి వచ్చిన కల చెప్పడం మొదలుపెట్టింది. కలలంటే ఆయన చెవి కోసుకుంటాడు. ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది.

జబ్బులో సిగ్గుపడేదేం లేదని ఆమె ఊరూరా తిరిగి చెప్పింది. వాడి జబ్బుకి మాత్రం సిగ్గుపడింది. పెళ్ళినాడు కూడా తల్లితో, వాణ్ణి తీసుకురావద్దని చెప్పింది.

తల్లి ఉన్నన్నాళ్ళూ వాడు తల్లి దగ్గరే ఉన్నాడు. తల్లి పోయాక, సంచి ఒకటి భుజాన వేసుకుని డాక్టరమ్మ ఫ్లాటుకి వచ్చాడు. భర్త వేరేచోట ఉద్యోగంలో ఉన్నాడు కాబట్టి అడ్డు చెప్పేవాళ్ళెవరూ లేరు. వెనక గది వాడికిచ్చింది. ఆ గది తలుపుకి బయట గడియ ఉంది. ఇల్లు కట్టినవాళ్ళు పెట్టిందే, అప్పటిదాకా ఆమె కంటికి ఆనలేదు.

ఒక మధ్యాహ్నం తోటి డాక్టర్లు ఇంటికి వస్తామన్నారు. వాళ్ళు రావడానికి ముందు ఆమె, "కాసేపు బయటికి రాకురా," అని వాడికి చెప్పింది. వాడు సరేనన్నాడు. ఆ సరే చాల్లేదామెకి, చెయ్యి దానంతటదే వెళ్ళి గడియ పెట్టింది. వచ్చినవాళ్ళు టీ తాగుతూ, గడియలు ఊడదీసి ఆమె నడుపుతున్న వైద్యపు ఇంటి గురించి చాలాసేపు మాట్లాడారు. వాళ్ళు వెళ్ళాక తలుపు తీస్తే వాడు మూల నిలబడి ఉన్నాడు. ప్యాంటు తడిసిపోయి ఉంది. "వాళ్ళు వెళ్ళిపోయారా అక్కా?" అని గుసగుసగా అడిగాడు. గుడ్డ తెచ్చుకుని నేల వాడే తుడుచుకున్నాడు.

ఇక వాణ్ణి ఎక్కడికైనా పంపించాలి. పెద్దాసుపత్రికి పంపడానికి మనసొప్పలేదు. తను నడిపే ఇంటికే తీసుకొచ్చింది, కాకపోతే స్నేహితుడైన డాక్టరు పంపినట్టు కాగితం పుట్టించి తీసుకొచ్చింది. దారిలో కారులో చెప్పింది.

"అక్కడ నన్ను అక్కా అనకురా. డాక్టరుగారూ అను."

"ఎందుకక్కా?"

"నీ మంచికే. అక్కనని తెలిస్తే మిగతావాళ్ళు నిన్ను వేరుగా చూస్తారు. నీ వైద్యం చెడిపోతుంది."

అందులో కొంత నిజముంది. డాక్టర్లు సొంతవాళ్ళకి వైద్యం చెయ్యకూడదని ఆమె శిష్యులకి పాఠాలే చెప్పింది. నిజం కొంచెం ఉంటే దాని చాటున చాలా దాచుకోవచ్చు.

"నువ్వెలా అంటే అలాగే," అన్నాడు వాడు. ఇంకాస్త దూరం పోయాక, "మరి ఎవరైనా అడిగితే?" అన్నాడు.

"ఎవరడుగుతారు?" అంది. ఆ ప్రశ్న పెట్టిన మనిషే ఆ మాటంది.

నెల గడిచింది. వాడు మాట తప్పలేదు. వంటింట్లో పక్కపక్కనే కూర్చుని దుంపలు చెక్కు తీస్తున్నప్పుడు కూడా, "ఆ చాకు ఇలా ఇస్తారా డాక్టరుగారూ?" అనేవాడు. అంత బాగా అనేవాడు. ఎక్కడైనా తడబడితే బాగుండునని ఆమెకే ఒక్కోసారి అనిపించేది. నెలాఖరు మీటింగులో ఆ ప్రశ్న రాగానే ఆమె తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. వాడు, "చెప్పలేనండి," అన్నాడు. ఇల్లు వాడికి ఒక వారం గడువిచ్చింది. ఆ వారమంతా ఆమె దగ్గరికి వచ్చి ఏం చెప్పమంటావని వాడడగలేదు, ఏం చెబుతావని ఆమె అడగలేదు.

గడువు తీరిన రోజు మీటింగు నడిపే వంతు కండక్టరుది. ఒకప్పుడు బస్సు కండక్టరు, ఇప్పుడీ ఇంట్లో పాతకాపు. ఏ మీటింగునైనా బస్సు నడిపినట్టే నడుపుతాడు.

"చూడండి," అన్నాడు లిఫ్టుతో. "పోయిన వారం చెప్పలేనన్నారు. ఇవాళ కూడా అదే మాటంటే చేతులెత్తాల్సిందే. మాకేం సరదా కాదు. మొదట్నించీ చెప్పండి, తొందరేం లేదు."

లిఫ్టు చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేలకేసి చూశాడు.

అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. వంటింటి పెత్తనం ఆవిడదే. "నాయనా, మా ఆయన మీద మరిగే నీళ్ళు పోసొచ్చానని ఇదే హాల్లో చెప్పాను. చెప్పేసి సుబ్బరంగా అన్నం తిన్నాను. అంతకంటే నువ్వేం చేసుంటావు?"

కొందరు నవ్వారు. లిఫ్టు కూడా కొంచెం నవ్వాడు. "నేనేం చెయ్యలేదు పిన్నీ. చెప్పడానికి అది నా ఒక్కడి సంగతి కాదు."

"మరి ఇంకెవరిది?" అన్నాడు కండక్టరు.

లిఫ్టు మళ్ళీ నేలకేసి చూశాడు. బ్యాంకులో పనిచేసి, అక్కడ లెక్కలన్నీ తన మీద కుట్ర పన్నాయని నమ్మి ఇక్కడికి వచ్చిన ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఒళ్ళు మండింది. "ఇక్కడ ప్రతివాళ్ళం మా ఇంటి గుట్టంతా విప్పి చెప్పుకున్నాం. ఈయనొక్కడూ దాచుకుని కూర్చుంటే మేమందరం పిచ్చివాళ్ళమా?" అన్నాడు. అన్నాక, ఆ మాట ఎక్కడ అన్నాడో గుర్తొచ్చి తలొంచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

అందరూ డాక్టరమ్మ వైపు చూశారు. ఇలాంటి చిక్కుముడి పడ్డప్పుడల్లా విప్పేది ఆమే. నిజం చెబితే నాలుగు మాటల్లో అయిపోయేదానికి ఆమె సిద్ధాంతం అందుకుంది.

"మాట్లాడకపోవడం కూడా ఒక మాటే," అంది. "ఇంటి దగ్గర ఎవరో ఈయన మాట వినిపించుకోలేదు. ఆ కసి ఇప్పుడు మన మీద తీర్చుకుంటున్నారేమో. మనందర్నీ తలుపు బయట నిలబెట్టి, తను లోపల కూర్చున్నారు."

సిద్ధాంతం ప్రకారం ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు మెచ్చుకోలుగా తలూపాడు కూడా. కానీ తలుపు అన్న మాట తన నోట్లోంచి ఎందుకొచ్చిందో ఆమెకి తెలుసు, తన గొంతు సన్నబడటం తనకే వినిపించింది. తన సిగ్గు కప్పుకోవడానికి, నోరు తెరవని తమ్ముడి మీద చదువంతా గుమ్మరించింది. ఇంతకంటే దిగజారడం ఉండదనుకుంది. ఉంది.

లిఫ్టు తలెత్తి ఆమెని చూశాడు. ఆమె భయపడుతోందని వాడికి అర్థమైంది.

"అయ్యుండొచ్చు డాక్టరుగారూ," అన్నాడు. తర్వాత కండక్టరు వైపు తిరిగాడు. "చెబుతానండి. మా అమ్మ దగ్గర ఉండేవాణ్ణి. అమ్మ పోయింది. తర్వాత ఎవరి దగ్గరా లేను. బస్టాండులో పడుకునేవాణ్ణి. నాకెవరూ లేరు."

"అన్నదమ్ములు? అక్కచెల్లెళ్ళు?" అన్నాడు బ్యాంకాయన, ఈసారి మెల్లిగా.

"లేరండి. ఒక్కణ్ణే."

చిన్నప్పుడు ఇంట్లో అద్దమో గ్లాసో పగలగొట్టేది డాక్టరమ్మ. నేను కాదని తల్లితో చెప్పేది కూడా తనే. "అక్కే పగలగొట్టింది," అని వీడు ఎదురుగా నిలబడి చెప్పేవాడు. అలా చెప్పినందుకు తర్వాత చాటుగా వీడికి వీపు మీద పడేది. అయినా మళ్ళీ నిజమే చెప్పేవాడు, అబద్ధం ఆడటం వీడికి రాదు. ఇప్పుడు ఇంతమంది ముందు, గొంతు వణక్కుండా ఆడాడు. ఈ విద్య వీడికి ఎవరు నేర్పారో డాక్టరమ్మకి తెలుసు.

హాలంతా మెత్తబడిపోయింది. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎవరూ లేరని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డావా నాయనా," అంది. బ్యాంకాయన లేచి వచ్చి లిఫ్టు భుజం మీద చెయ్యి వేసి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. చేతులెత్తమన్నాడు కండక్టరు. ఉంచుకుందామని అందరి చేతులూ లేచాయి. డాక్టరమ్మ చెయ్యి కూడా లేచింది.

"ఇక రైట్," అన్నాడు కండక్టరు.

ఆమె కోరుకున్నదంతా జరిగింది. వాడికి గేటు లోపల గేటు తప్పింది. తన గుట్టు తన దగ్గరే ఉంది. కుర్చీలు జరుపుతుంటే ఆమె చేతిలోని కుర్చీ కాలు రెండుసార్లు నేలకి తగిలి కీచుమంది.

రెండో మీటింగు మొదలైంది. లోపలి వలయంలో నర్సు, కుర్ర డాక్టరు, డాక్టరమ్మ. బయటి వలయంలో ఇంటివాళ్ళు. లిఫ్టు ఇప్పుడు అతిథి కాదు, ఇంటివాడు. డాక్టరమ్మకి సరిగ్గా ఎదురుగా, నర్సు భుజం వెనకాల కూర్చున్నాడు. పక్కన పిన్ని.

"నాకు సిగ్గేసింది," అంది నర్సు. "వారమంతా ఆయన్ని మొండిఘటం అనుకున్నాను. ఎవరూ లేని మనిషిని, నీకెవరున్నారో చెప్పమని పీడించాం."

"నాకైతే ఆశ్చర్యంగా ఉంది," అన్నాడు కుర్ర డాక్టరు. "డాక్టరమ్మ ఆ తలుపు మాట అనగానే ఆయన నోరు విప్పారు. అలాంటి మాట ఆ క్షణానికి ఎలా తట్టిందో ఆవిడ చెబితే నేర్చుకుందామని ఉంది."

నర్సు డాక్టరమ్మ వైపు తిరిగింది. "మీకేమనిపించింది?"

"నాక్కూడా సిగ్గుగా ఉంది," అంది డాక్టరమ్మ.

అందరూ తలలూపారు. అంత మంచి మనిషి సిగ్గుపడటం కూడా వాళ్ళకి మంచితనంలాగే కనిపించింది. బయటి వలయంలోంచి మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి పిన్ని అందుకుంది. "మీరెందుకమ్మా సిగ్గుపడటం? ఇక మీరే కదా ఈ పిల్లాడికి దిక్కు."

డాక్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇక్కడ ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఎదురుగా తమ్ముడు కనీకనిపించనట్టు తల అడ్డంగా ఊపాడు. వద్దని. కారులో చెప్పిన మాట వాడింకా నిలబెడుతున్నాడు. ఆ తల ఊపడం చూశాక ఆమె ఇక ఆగలేకపోయింది.

"వీడు నా తమ్ముడు," అంది.

ఆ ఇంట్లో ఎవరినీ మీరు అనకుండా పిలవని మనిషి వీడు అనేసరికి, ఎవరిని అంటోందా అని నర్సు వెనక్కి తిరిగి వెతికింది. తర్వాత అర్థమైంది.

"బస్టాండులో లేడు. మా ఇంట్లోనే ఉన్నాడు. నాకెవరూ లేరని వీడు చెప్పింది నా కోసం. నేను చెప్పొద్దన్నాను." ఆమె కుర్ర డాక్టరు వైపు తిరిగింది. "మా వెనక గదికి బయట గడియ ఉంది. ఇంటికి మనుషులొస్తున్నారని వీణ్ణి లోపల పెట్టి గడియ వేశాను. తలుపు మాట ఎలా తట్టిందో అడిగారు కదా. అలా తట్టింది."

బ్యాంకాయన హాలు తలుపు వైపు, దాని చెక్క మీద ఉన్న చిల్లుల వైపు చూసి, చూడకూడనిది చూసినట్టు చూపు తిప్పుకున్నాడు. కుర్ర డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఎవరైనా ఒక్క మాట తిడితే బాగుండునని డాక్టరమ్మ ఎదురుచూసింది. ఎవరూ తిట్టలేదు.

లిఫ్టు లేచి నిలబడ్డాడు. నెల దాటాక మొదటిసారి అక్కని అక్క అనబోతున్నందుకో ఏమో, మాట తడబడింది.

"అదేం పెద్ద సంగతి కాదండి. ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారని వేసింది. ఒక్కసారే. తర్వాత అక్క ఏడ్చింది కూడా."

"ఒక్కసారి కాదు," అంది డాక్టరమ్మ. "ఏడవనూ లేదు."

తమ్ముడు అలాగే నిలబడిపోయాడు. పిన్ని వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కండక్టరు లేచి, తన కుర్చీ తనే మోసుకుంటూ బయటి వలయం దాటి లోపలికి వచ్చాడు. డాక్టరమ్మకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"మొదట్నించీ చెప్పండి," అన్నాడు. "తొందరేం లేదు."